మా అమ్మను ‘ఇతరములు’ గడిలో రాయకండి

చెన్నైలో సంక్షేమ సర్వేలు తయారుచేసే అధికారులకూ, వాటిని నడిపే పరిశోధకులకూ, ఐఏఎస్‌లోకీ గ్రూప్ వన్‌లోకీ కొత్తగా వస్తున్న పిల్లలకూ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను పద్నాలుగేళ్ళుగా ఈ ఊళ్ళో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా పనిచేస్తున్నాను. మీరు ఆఫీసులో కూర్చుని తయారుచేసిన ప్రశ్నల్ని ఒకప్పుడు కాగితాల కట్టగా, ఇప్పుడు ట్యాబ్‌లో పెట్టుకుని ఇళ్ళ మెట్లెక్కేది నాలాంటి వాళ్ళే. అంతకంటే ముందు, ఈ ఊరి వీధులూ కాలవలూ శుభ్రం చేసి మమ్మల్ని పెంచిన తల్లికి కూతుర్ని. ప్రశ్న అడిగే చోటా నిలబడ్డాను, జవాబు చెప్పలేక నోరు మూసుకున్న చోటా నిలబడ్డాను. ఆ రెండూ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఒక అధికారి గురించి చెప్పాలి. పేరు ఎస్.ఆర్. శంకరన్. 2010 అక్టోబరు 7న హైదరాబాదులో పోయారు. మీలో పెద్దవాళ్ళకు ఆయన తెలిసే ఉంటారు. కొత్తగా వచ్చిన పిల్లలు కొందరిని అడిగాను, పేరు విన్నట్టు కూడా లేదన్నారు. ఆయన పుట్టింది మీ తమిళనాట. ఐఏఎస్‌కు రాకముందు మదురైలో కాలేజీ పాఠాలు చెప్పారు. ఉద్యోగం ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. తెలుగు పల్లెల్లో తిరిగి, మా వాడల్లో కూర్చుని, మా మాట విని పనిచేశారు. మేమేమో తెలుగునాట పుట్టి బతుకుతెరువుకు తమిళనాడు వచ్చినవాళ్ళం. మీ బిడ్డ మా దగ్గరికి వచ్చి ఎలా పనిచేశాడో మీకు చెప్పే హక్కు మాకుందని అనుకుంటున్నాను.

మా ఇంట్లో శంకరన్ గారి పేరు మొదట పెదనాన్న నోట విన్నాను. నెల్లూరు జిల్లా కావలి దగ్గర ఒక ఊళ్ళో, ఒక రైతు ఇంట్లో ఆయన పాలేరు. మా తాత ఎప్పుడో పెళ్ళి ఖర్చుకు తెచ్చిన రెండు వందల అప్పు కింద పదేళ్ళ వయసులో ఆ ఇంట్లో పనికి కుదిరాడు. ఏటా ఉగాదికి లెక్క చూసేవాళ్ళు. ఏటా అప్పు అలాగే ఉండేది. నోటు ఉందనేవాళ్ళు గానీ ఆ నోటు ఎవరూ కళ్ళతో చూడలేదు. 1975 చివర్లో వెట్టి కార్మిక వ్యవస్థను రద్దుచేస్తూ ఆర్డినెన్సు వచ్చింది, 1976లో అది చట్టమైంది. ఆ చట్టం ప్రకారం అప్పు పోతుంది, మనిషి విడుదల అవుతాడు. కాకపోతే ఒకటి కావాలి. ఫలానా ఊళ్ళో ఫలానా మనిషి వెట్టిలో ఉన్నాడని ముందు ఎవరో ఒకరు కాగితం మీద రాయాలి.

పెదనాన్న చెప్పిన సంగతి ఇది. మొదటిసారి ఆఫీసరు వచ్చి రైతు అరుగు మీద కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. ఇక్కడ వెట్టి ఎవరైనా చేస్తున్నారా అని అడిగాడు. మా వాళ్ళు కింద చేతులు కట్టుకుని నిలబడి లేదండీ అన్నారు. రాసుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చారు, ఈసారి చీకటి పడ్డాక, నేరుగా అరుంధతీయవాడకే. మా నాయనమ్మ చాప వేసింది. వచ్చినవాళ్ళు ఆ చాప మీదే కూర్చున్నారు. కిరసనాయిలు దీపం దగ్గర పెట్టుకుని, ఎప్పటి నుంచి ఉన్నావు, ఏడాదికి ఎన్ని పుట్ల ధాన్యం ఇస్తారు, వేరే చోటికి పోతానంటే పోనిస్తారా అని ఒక్కొక్కటే అడిగారు. పెదనాన్న అప్పుడు చెప్పాడు. రెండోసారి ఎందుకొచ్చారంటే, పైన సాంఘిక సంక్షేమ శాఖలో శంకరన్ అనే ఆయన ఉన్నాడట, ‘లేదు’ అని రాసి పంపితే ఒప్పుకోవడం లేదట అని మా వాడలో చెప్పుకునేవాళ్ళు. విడుదల పత్రాన్ని పెదనాన్న ప్లాస్టిక్ కవరులో చుట్టి, రేకు పెట్టె అడుగున దాచుకున్నాడు. చదువు రాదు. అయినా ఏడాదికోసారి తీసి చూసుకునేవాడు.

మనిషి అదే, వాడ అదే, చట్టం అదే. అరుగు మీద అడిగితే వెట్టి లేదు, చాప మీద అడిగితే ఉంది. నా పద్నాలుగేళ్ళ పనిలో సర్వే గురించి ఇంతకంటే పెద్ద పాఠం ఏ ట్రైనింగులోనూ ఎవరూ చెప్పలేదు.

శంకరన్ గారు అలా పనిచేసినందుకు సన్మానాలేమీ జరగలేదు. 1970ల చివర్లో ముఖ్యమంత్రితో పొసగలేదు. కూలీలను రెచ్చగొడుతున్నాడని ఆయన మీద నింద. ఆ సమయంలో త్రిపుర ముఖ్యమంత్రి నృపేన్ చక్రవర్తి పిలిచి తన రాష్ట్రానికి చీఫ్ సెక్రటరీని చేసుకున్నారు. 1980ల్లో మళ్ళీ ఆంధ్రకు వచ్చారు. దళిత పిల్లల గురుకుల పాఠశాలలు ఆ కాలంలోనే మొదలయ్యాయి. వాటి వెనుక ఆయన చెయ్యి ఉందని అందరూ ఒప్పుకుంటారు. మా చిన్నాన్న కూతురు అలాంటి బళ్ళోనే చదివింది, ఇప్పుడు నర్సు. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి జిల్లా గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఆయన్నీ, ఇంకొందరు అధికారుల్నీ ఎత్తుకుపోయి తర్వాత వదిలారు. అంత జరిగినా గిరిజన ప్రాంతాల మీదా అక్కడి మనుషుల మీదా ఆయన మనసు మారలేదు. ఢిల్లీలో గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా 1992లో రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. జీతంలోనూ పెన్షన్‌లోనూ చాలా భాగం పేద పిల్లల చదువులకు పోయేది. 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్నారు.

ఆయనొక్కరే అలా ఉన్నారని కాదు. కేరళ నుంచి వచ్చి ఆంధ్ర కేడర్‌లో చేరిన పి.ఎస్. కృష్ణన్ గారు దళితవాడల్లోనే క్యాంపు వేసి, అక్కడే కాగితాలు తెప్పించుకుని పని చక్కబెట్టేవారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వెనుక ఆయన కృషి ఉంది. ఇది ఎవరో ఒక మహానుభావుడికే సాధ్యం, మాలాంటి వాళ్ళ వల్ల కాదు అని మీరు అనకూడదనే ఆయన పేరు కూడా చెబుతున్నాను.

రిటైరయ్యాక శంకరన్ గారు చేసిన పనే ఇప్పుడు మా ఇంటికి దగ్గరది. బెజవాడ విల్సన్ గారితో కలిసి సఫాయి కర్మచారి ఆందోళన్ అనే పారిశుధ్య కార్మికుల సంస్థను నిలబెట్టారు. విల్సన్ గారిది కోలారు బంగారు గనుల ఊరు. అక్కడి పాకీదొడ్లు శుభ్రం చేసిన కుటుంబంలో పుట్టిన మనిషి. 1993లోనే పాకీ పనిని, అంటే మనుషుల మలాన్ని చేత్తో ఎత్తే పనిని, నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం వచ్చిన పదేళ్ళకు, 2003లో, వీళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మా దగ్గర పాకీ పని లేదు అని రాష్ట్రాలు కోర్టుకు రాసిచ్చాయి. అప్పుడు ఈ సంస్థవాళ్ళు ఊరూరా తిరిగి, దొడ్డి ఎక్కడుంది, శుభ్రం చేసే మనిషి పేరేమిటి అని రాసుకుని, ఫోటోలు తీసి కోర్టు ముందు పెట్టారు. మా పెదనాన్న ఊళ్ళో అరుగు మీద వినిపించిన ‘లేదు’, దేశమంతా ఇంగ్లీషులో టైపు చేసిన అఫిడవిట్లలో మళ్ళీ కనిపించింది. దానికి మందు కూడా పాతదే. వాడకు వెళ్ళి కూర్చుని రాయడం.

2013లో కొత్త చట్టం వచ్చింది. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 1993 నుంచి మ్యాన్‌హోళ్ళలో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. 2013, 2018 సర్వేల్లో దేశం మొత్తం మీద తేలిన పాకీ పనివాళ్ళు 58,098 మంది. ఆ అంకె నేను చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఒకామె చేతి గ్లవుజులే కళ్ళముందుకొస్తాయి.

చెన్నై శివారు పెరుంబాక్కం హౌసింగ్ బోర్డు ఇళ్ళలో ఒక సర్వేకు వెళ్ళాను. ఆరో అంతస్తు. లిఫ్టు పని చేయడం లేదు. ఆమెకు అరవై దాటి ఉంటాయి, మాది నెల్లూరు వైపే అని తెలిసి మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టింది. పనిలో మీకు గ్లవుజులు ఇచ్చారా అని ఫారంలో ఉన్న ప్రశ్నే అడిగాను. ఇచ్చారమ్మా అని లేచి, దేవుడి పటం పక్కన అరలో ఉన్న ప్యాకెట్టు తీసి చూపించింది. దాని సీలు కూడా ఊడలేదు. మగవాళ్ళ సైజు. అవి వేసుకుంటే చీపురు కర్ర పట్టు దొరకదని చెప్పింది. ఇచ్చిన రోజు వేలిముద్ర వేయించుకున్నారు, ఫోటో తీసుకున్నారు. పోతే లెక్క అడుగుతారేమోనని భయపడి జాగ్రత్తగా దాచింది. తర్వాత రెండు అరచేతులూ చాచి చూపించింది. కుడి బొటనవేలి పక్కన పగిలి, మానిపోయి, మళ్ళీ పగిలిన గీత. దాని మీద పసుపు. నేను ట్యాబ్‌లో ‘అవును’ నొక్కాను. ఇంకేం నొక్కాలి? అక్కడున్నవి అవును, కాదు, రెండే.

ఆ ‘అవును’ ఎక్కడిదాకా పోతుందో మీకు నాకంటే బాగా తెలుసు. 2013 చట్టంలో ఒక వివరణ ఉంది. తగిన పరికరాలతో, రక్షణ సామగ్రితో శుభ్రం చేసే మనిషిని పాకీ పనివాడిగా లెక్కించకూడదు అని. మంచి ఉద్దేశంతోనే రాసి ఉంటారు. కానీ అరలో ఉన్న గ్లవుజుల ప్యాకెట్టుకు ‘అవును’ పడ్డాక, ఆ చేతుల మనిషి లెక్కలోంచి జారిపోయే దారి తెరుచుకుంటుంది. పాకీ పని వల్ల చావులేవీ లేవు, మురుగు కాలవల ప్రమాదకరమైన శుభ్రతలోనే చనిపోయారు అని పార్లమెంటులో జవాబులు వచ్చాయి. చనిపోయినవాళ్ళ పిల్లలకు ఆ రెండింటికీ తేడా ఎవరు చెప్పగలరు? గ్లవుజులు ఇచ్చారా అని అడగొద్దు అనడం లేదు నేను. నిన్న వేసుకున్నావా, చూపించు, సైజు సరిపోయిందా, చిరిగితే ఎవరిస్తారు అని కూడా అడగమంటున్నాను. దానికి నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ నాలుగు నిమిషాలు మాకు ఇవ్వండి.

ఇప్పుడు మా అమ్మ సంగతి. ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

అమ్మ 1979లో పెళ్ళై ఈ ఊరొచ్చింది. మొదట రోజుకూలీ, తర్వాత కాంట్రాక్టు. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, ఏ పేరు పెట్టినా చేసిన పని ఒకటే. పొద్దున ఆరింటికి చీపురు, తట్ట. వానొస్తే కాలవ పూడిక. ఎవరింటి ముందైనా గొట్టం పొంగితే అదీ. ఆమె ఇంకా పనిలో ఉన్న రోజుల్లో ఒక ఆఫీసు తరఫున సర్వే జరిగింది. ఇంటికి రాలేదు. మస్టరు వేసే షెడ్డు దగ్గరే ఒక టేబుల్ వేసి, అందర్నీ వరసలో నిలబెట్టి పిలిచారు. టేబుల్ పక్కనే మేస్త్రి నిలబడి ఉన్నాడు. రాసే అబ్బాయి తమిళంలో గబగబా అడుగుతున్నాడు. ఆ రోజు అమ్మకు టిఫిన్ ఇవ్వడానికి వెళ్ళి నేను వెనకే ఉన్నాను. ఏం పని చేస్తావు అన్నాడు. అమ్మ మేస్త్రి వైపు చూసింది. ఊడ్చే పని అంది. మలం తీసే పని ఎప్పుడైనా చేశావా అన్నాడు. లేదు అంది. పెన్ను ఒక గడి దగ్గర ఆగి, ‘ఇతరములు’ మీద టిక్కు పెట్టింది. మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

ముందు రోజు సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి మూడుసార్లు స్నానం చేసింది. పొంగిన గొట్టంలో భుజం దాకా చెయ్యి పెట్టి గుడ్డలు లాగిందట. అన్నం ఎడమ చేత్తో తింది. అది నేను చూశాను. టేబుల్ దగ్గర ఆ మాట నేనైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అమ్మ ఉద్యోగం పోతుందేమోనని నాకూ టెన్షనే. తర్వాత నేను ఈ ఉద్యోగంలో చేరడానికి ఆ టిక్కు కూడా ఒక కారణం.

ఆ రోజు ఆ అబ్బాయి తప్పు చేశాడని నేను అనను. రోజుకు ఇన్ని ఫారాలు పూర్తిచేయాలని అతనికి టార్గెట్ ఉంటుంది, నాకూ ఉంది. తప్పు టేబుల్ ఎక్కడ వేశారన్న దగ్గరుంది. దాన్ని నిర్ణయించేది మీరు. అందుకే అడుగుతున్నాను. టేబుల్ షెడ్డులో వేయకండి. మేస్త్రి, కాంట్రాక్టరు, సూపర్‌వైజరు ఎవరూ లేనిచోట అడిగించండి. పొద్దుటి పని ముగిసి ఇల్లు చేరాక, మధ్యాహ్నం రెండు తర్వాత రండి. ఆడవాళ్ళను ఆడవాళ్ళ చేత అడిగించండి. నెలసరి రోజుల్లో కాలుమడుచుకునే చోటు కూడా లేక ఎనిమిది గంటలు ఎలా గడుపుతారో మగ ఇన్వెస్టిగేటరుకు ఎవరూ చెప్పరు. చేసే పని పేరు అడగడం కాదు, నిన్న పొద్దుటి నుంచి ఏమేం చేశావో వరసగా చెప్పమనండి. పాకీ పని చేస్తావా అని అడిగితే ఆత్మాభిమానం ఉన్న ఏ మనిషైనా లేదనే అంటుంది. నిన్నటి రోజు చెప్పమంటే గొట్టం సంగతి దానంతట అదే వస్తుంది.

ఇంకొకటి, రాసుకున్న జవాబుల కాపీ ఆ మనిషి చేతికి ఇవ్వండి. పెదనాన్న దగ్గర ఒక కాగితం ఉంది కాబట్టే తర్వాత ఎవరొచ్చి అప్పు అన్నా తీసి చూపించగలిగాడు. అమ్మ దగ్గర ఏ కాగితమూ లేదు. తనను ఏ గడిలో వేశారో ఈరోజుకీ ఆమెకు అధికారికంగా తెలియదు.

భాష గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఈ ఊళ్ళో వీధులూ కాలవలూ శుభ్రం చేసేవాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. కొందరు వందేళ్ళ కిందట వచ్చిన కుటుంబాలవాళ్ళు, కొందరు మాలాగా నలభై, యాభై ఏళ్ళ కిందట వచ్చినవాళ్ళు. తమిళం అందరికీ వచ్చు. బస్సు ఎక్కడానికీ, కూరగాయల బేరానికీ, గొడవ పడడానికీ సరిపోయేంత వచ్చు. కానీ ఒంట్లో నొప్పి గురించీ, అవమానం గురించీ చెప్పాలంటే అమ్మ తెలుగులోకి వచ్చేస్తుంది. పెరుంబాక్కంలో ఆ పెద్దావిడ నాకు అరచేతులు చూపించింది తెలుగులో మాట్లాడిన తర్వాతే. తెలుగు పేటలకు తెలుగు వచ్చినవాళ్ళను పంపడం ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఆ పేటల్లోనే డిగ్రీ చదివిన పిల్లలున్నారు, రెండు భాషలూ వస్తాయి. వాళ్ళను తీసుకోండి.

ఈ ఊరికి తెలుగు పరాయిది కాదు. మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా పిట్టి త్యాగరాయ చెట్టి గారు ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని తీర్మానించారు. పిల్లవాడికి రోజుకు అణా మించకూడదని లెక్క. ఆయన ఇంటి భాష తెలుగు. ఆ అణా లెక్క ఎక్కడిదాకా పెరిగిందో చూడండి. 1956లో కామరాజర్ భోజనం, 1982లో ఎంజీఆర్ పోషకాహారం, 2022లో పొద్దుటి టిఫిను. 2001 నవంబరు 28న దేశమంతా బళ్ళలో వండిన భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కేసులో ఆదేశాలు అమలవుతున్నాయో లేదో చూడడానికి 2002లో కోర్టు వేసిన కమిషనర్లు ఇద్దరు. ఒకరు ఎన్.సి. సక్సేనా, రెండోవారు శంకరన్ గారే. పిల్లలకు అన్నం పెట్టే విషయంలో ఈ రాష్ట్రం దేశానికే దారి చూపింది. ఆ అన్నం తిని నేనూ చదువుకున్నాను. అందుకే మీ నుంచి ఆశించడానికి నాకు ధైర్యం ఉంది.

కులం సర్టిఫికెట్ సంగతి మాత్రం మీలో ఎవరో ఒకరు గట్టిగా పట్టించుకోవాలి. ఆది ఆంధ్ర, మాదిగ, అరుంధతీయర్ పేర్లు తమిళనాడు ఎస్సీ జాబితాలోనే ఉన్నాయి. ఎస్సీ కోటాలో అరుంధతీయ కులాలకు 3 శాతం కేటాయిస్తూ 2009లో వచ్చిన చట్టంలోనూ ఉన్నాయి. కానీ వేరే రాష్ట్రం నుంచి తర్వాత వచ్చిన కుటుంబానికి ఆ హోదా ఇక్కడ రాదు, సొంత రాష్ట్రంలోనే. అది సుప్రీంకోర్టు 1990లోనే చెప్పింది, మీ చేతిలో లేదని తెలుసు. 1953 అక్టోబరు 1 దాకా నెల్లూరు, చెన్నై ఒకే రాష్ట్రం. మా తాత పుట్టినప్పుడు ఆయనది ఈ రాష్ట్రమే. మా తమ్ముడు ఇక్కడే పుట్టాడు, ఇక్కడే చదివాడు, ఇక్కడి కాలవలే తీసిన తల్లి కొడుకు. వాడు అక్కడా దూరమే, ఇక్కడా దూరమే. చట్టం మార్చలేకపోయినా, ఇలాంటి కుటుంబాలు ఎన్ని ఉన్నాయో లెక్కైనా తీయండి. కులంతో పనిలేకుండా చేసే పనిని బట్టి వచ్చే పథకాలున్నాయి. కేంద్రం నమస్తే అనే పథకం కింద మురుగు పనివాళ్ళ వివరాలు సేకరించడం మొదలుపెట్టింది. వాటిలో ఈ కుటుంబాలు జారిపోకుండా చూడండి.

2020లో ఈ రాష్ట్రంలో మా వాళ్ళ పేరు మార్చారు. తూయ్మై పణియాళర్ అన్నారు, శుభ్రతా కార్మికులు అని. మా వదిన ఇప్పుడు ఆ పనిలో ఉంది. ఆ పేరు రాసిన కోటు వేసుకుని మొదటి రోజు వెళ్తూ అద్దంలో చూసుకుంది. పేరు మార్చిన మనసును నేను తక్కువ చేయను, అది వదినకు నిజంగా సంతోషమే. ఆ కోటు లోపలి మనిషి నిన్న ఏం చేసిందో కూడా ఎవరైనా కూర్చుని వింటే బాగుంటుందని అడుగుతున్నాను.

కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక మాట. ట్రైనింగులో మిమ్మల్ని పల్లెలకు, పేటలకు తీసుకెళ్తారు. పెద్ద బండిలో దిగుతారు, చుట్టూ ఐదుగురు ఉంటారు. ఒక్క సాయంత్రం ఆ ఐదుగురూ లేకుండా రండి. మాలాంటి ఇన్వెస్టిగేటర్ల వెంట ఒకరోజు నడవండి, ఫారం మీరే నింపండి. ఏ ప్రశ్న దగ్గర మనిషి తల దించుకుంటుందో మీ కళ్ళతో చూస్తారు. ఆ ప్రశ్నను మార్చే అధికారం రేపు మీకు వస్తుంది, మాకు ఎప్పటికీ రాదు.

మళ్ళీ సర్వే ఎప్పుడు మొదలైనా మా పేటకు కబురు పెట్టండి. అమ్మ మధ్యాహ్నం ఇంట్లోనే ఉంటుంది. వదిన రెండున్నరకు వస్తుంది, మూడింటికి అన్నం తిని ఖాళీగా ఉంటుంది. కుర్చీ ఒకటే ఉంది, అది మీకు వేస్తాం. చాప కూడా ఉంది.

ఇట్లు,
ఒక పారిశుధ్య కార్మికురాలి కూతురు,
చెన్నై